బీరువా అరలకి, సొరుగులకి రంగు కాగితం వేసుకోవడం ఎలా

ముందు ఒక పని చేయండి. మీ స్టీలు బీరువా తెరిచి, మడతపెట్టిన చీరల కింద పరిచిన న్యూస్‌పేపరుని ఒక మూల పట్టుకుని మెల్లగా పైకి లేపండి. మేం విశాఖ అక్కయ్యపాలెంలో అద్దెకుంటున్నాం, మా బీరువాలో నేను లేపినప్పుడు ఆ పేపరు బెల్లం రంగుకి తిరిగిపోయి ఉంది, మడత దగ్గర అప్పడంలా విరిగి చేతిలోకొచ్చింది. దాని కింద ఎప్పుడో రేకు డబ్బా పెట్టిన చోట గుండ్రంగా తుప్పు మరక. అన్నిటికన్నా అడుగున ఉన్న తెల్ల కాటన్ చీర తీసి చూస్తే అంచు మీద అచ్చు సిరా అంటుకుని, అక్షరాలు తిరగేసి కనబడుతున్నాయి. అమ్మ చీర అది. ఆ రోజే న్యూస్‌పేపరు పరవడం మానేశాను.

అప్పట్నుంచి ఇంట్లో తలుపు వెనకాల దాక్కున్న ప్రతి చోటికీ ఒక్కోటిగా రంగు కాగితం వేసుకుంటూ వస్తున్నాను. బీరువా అరలు, స్పూన్ల సొరుగు, గోడలో అలమర, దేవుడి గూడు వెనక గోడ, చెప్పుల స్టాండు లోపలి వైపు. "లోపల ఎవరు చూస్తారమ్మా" అంది పక్కింటి వదిన. నేను చూస్తాను వదినా, రోజుకి పదిసార్లు చూస్తాను అన్నాను. హాల్లో గోడకి వేలకి వేలు పెడతాం, వచ్చినవాళ్లు ఒక్కసారి చూసి కూర్చుంటారు. తెల్లారి ఐదింటికి నిద్రకళ్లతో కాఫీ పొడి కోసం తెరిచే అర మనకి మాత్రమే కనబడుతుంది, అది చీకటిగా, మరకలతో ఉండాల్సిన అవసరం ఏముంది?

ఎక్కడ వేయకూడదో ముందు తెలుసుకోండి

గ్యాస్ పొయ్యి పక్క అరలో వద్దు. కరెంటు మీటరు పెట్టె, స్విచ్‌బోర్డు, ఇన్వర్టర్ ఉన్న అలమరలో అసలు వద్దు. సింకు కింద కాగితం వారం కూడా ఉండదు, అక్కడ కడుక్కునే ప్లాస్టిక్ మ్యాట్ వేసుకోండి.

మిగిలిన చోట్ల అడగాల్సిన ప్రశ్న ఒక్కటే, చెమ్మ ఉందా లేదా. మన విశాఖలో ఇదే అసలు సమస్య. బీచి వైపు ఇళ్లలో ఉప్పుగాలికి బీరువా కీళ్లు తుప్పు పడతాయి, బాత్రూమ్ గోడకి ఆనుకున్న అలమరలో ఏడాది పొడుగునా చెమ్మ వాసన వస్తుంది. చేత్తో తాకి చూస్తే తెలియదు. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని నాలుగు వైపులా సందు లేకుండా టేపుతో గోడకి అంటించి, ఒక రోజంతా అలా వదిలేయండి. మర్నాడు తీసి చూస్తే గోడ వైపు నీటి చుక్కలు ఉన్నాయా, అయితే చెమ్మ గోడ లోపల్నుంచే వస్తోంది, ముందు ఆ లీకు సంగతి చూడాలి, దాని మీద ఎంత ఖరీదైన కాగితం అంటించినా వెనకాల బూజే. పైవైపు చుక్కలుంటే అది గాలిలోని తేమ, దానికి తలుపు అప్పుడప్పుడు తెరిచి ఉంచితే చాలు.

ఈ పరీక్ష చేయకుండా నేను ఒకసారి ఆగస్టులో వంటింటి అలమర వెనక గోడకి ప్లాస్టిక్ స్టిక్కర్ రోల్ అంటించేశాను. పదిహేను రోజులు చాలా బాగుంది. తర్వాత కింద నుంచి బుడగలు లేచాయి, ఒక మూల పీకితే వెనకాల నల్లగా బూజు, రెండు బొద్దింకలు. స్టిక్కరుతో పాటు ఇంటివాళ్లు వేయించిన సున్నం కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. మా ఆయన చేత పుట్టీ పెట్టించి సరిచేసుకునేసరికి సగం నెల పట్టింది. అందుకే ఇప్పుడు నేను గోడకి గానీ, చెక్కకి గానీ, స్టీలుకి గానీ ఏదీ నేరుగా అంటించను. అట్ట కోసి, అట్టకి కాగితం అంటించి, ఆ అట్టని అరలో కూర్చోబెడతాను. అద్దె ఇల్లయినా భయం లేదు, ఖాళీ చేసేటప్పుడు తీసి పట్టుకుపోవచ్చు.

కాగితం సంగతి

గిఫ్టు పేపరు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ చాలా పల్చన, జిగురు తగలగానే ముడతలు పడుతుంది. చేతికి కాస్త బరువు తెలిసే కాగితం కావాలి, 100 జీఎస్‌ఎం (అంటే చదరపు మీటరు కాగితం 100 గ్రాముల బరువు) పైన ఉంటే పని సులువు. చార్టు, చేతితో చేసిన హ్యాండ్‌మేడ్ పేపరు, గోడలకి వేసే వాల్‌పేపరు, పాత క్యాలెండర్లలో మందమైన షీట్లు, ఇవన్నీ బాగుంటాయి. పూర్ణా మార్కెట్ వైపు పనిబడితే ఆ సందుల్లో ఫ్యాన్సీ, స్టేషనరీ కొట్లు ఓసారి చూడండి. వాల్‌పేపరు అమ్మే కొట్టుకి వెళ్తే మిగిలిపోయిన ముక్కలు, సగం రోల్స్ ఉన్నాయేమో అడగండి, అరలకి ముక్కలే చాలు కదా. ఇంట్లో దాచిన పెళ్లికార్డులు కూడా పనికొస్తాయి. చిన్న సొరుగులకి నేను అవే వాడాను, బంగారు రంగు గీతలున్న భాగం పైకొచ్చేలా కోసి పక్కపక్కన అతికించాను, ఒక కార్డు మూలకి రాసిన పసుపు ఇంకా అలాగే ఉంది, దాన్ని కోసెయ్యాలనిపించలేదు.

ఎక్కువ కొనేముందు ఒక్క షీటు తెచ్చుకుని, వేలు తడిపి మూల మీద గట్టిగా రుద్దండి. రంగు వేలికి అంటితే ఆ కాగితం బట్టల అరకి పనికిరాదు, మన తేమకి చీరలకి దిగిపోతుంది.

రంగు గురించి నా మాట వినండి, లోపలి చోట్లకి లేతరంగే వేయండి. నిమ్మపండు పసుపు, లేత ఆకుపచ్చ, మీగడ రంగు మీద చిన్న పువ్వులు. అలమర లోపల వెలుతురే తక్కువ, ముదురు రంగు వేస్తే ఉన్న కాస్త వెలుతురు కూడా అది తాగేస్తుంది, నల్ల బ్లౌజు ఎక్కడుందో వెతుక్కోవాలి. కొద్దిగా మెరుపున్న కాగితమైతే ఇంకా మంచిది, తలుపు తీయగానే గదిలోని వెలుగుని లోపలికి లాగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది, లేతరంగు మీద బొద్దింక రెట్ట ఒక్కటి పడ్డా ఇట్టే తెలిసిపోతుంది.

కొలత, కోత

మా బీరువా అర 34 అంగుళాల పొడవు, 17 అంగుళాల లోతు. వాల్‌పేపరు రోల్ మామూలుగా 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు వస్తుంది. 53 సెంటీమీటర్లంటే దాదాపు 21 అంగుళాలు, కాబట్టి లోతుకి అతుకు లేకుండా సరిపోతుంది. అర పొడవుకి 86 సెంటీమీటర్లు, అట్ట వెనక్కి మడవడానికి చెరో వైపు ఒక అంగుళం కలిపితే ఒక్కో అరకి 92 తీసుకున్నాను. ఐదు అరలకి నాలుగున్నర మీటర్ల పైచిలుకు, అంటే సగం రోల్ కూడా అవ్వలేదు. లోతుకి కూడా మడత కోసం రెండు అంగుళాలు వదిలాక, పక్కన మిగిలిన రెండంగుళాల పట్టీలు పారేయకండి, వాటి పని తర్వాత చెప్తాను. చార్టు షీటు 22 బై 28 అంగుళాలే వస్తుంది కాబట్టి పెద్ద అరకి అతుకు తప్పదు, ఆ అతుకు మధ్యలో కాకుండా ఒక పక్కకి, ఎప్పుడూ బట్టల దొంతర ఉండే చోట వచ్చేలా చూసుకోండి.

ప్రతి అరనీ విడిగా కొలవండి. ఒకే బీరువాలో అరలన్నీ ఒకటే అనుకుంటాం, గోడ అలమరలో అయితే ఎడమ పక్క లోతు 14 ఉంటే కుడి పక్క పదమూడున్నర ఉంటుంది. పాత పేపరు పరిచి గోళ్లతో అంచు నొక్కి, ఆ గీత మీద కత్తిరించి నమూనా చేసుకుంటే టేపు కన్నా అదే నయం. నమూనా మీద "పై నుంచి రెండు, ముందు వైపు" అని పెన్సిలుతో రాసిపెట్టుకోండి, లేకపోతే చివర్లో ఏది ఏ అరదో తెలియక తల పట్టుకోవాలి.

అట్ట ఏది వాడాలంటే, పుస్తకాల బైండింగ్‌కి వాడే గట్టి అట్ట, రెండు మిల్లీమీటర్లది. కొరియర్ డబ్బాల అట్ట ఊరికే వస్తుంది గానీ దాని మధ్యలో గొట్టాల్లాంటి సందులుంటాయి, బొద్దింకలకి అంతకన్నా మంచి ఇల్లు దొరకదు. అదే వాడాల్సొస్తే నాలుగు అంచులూ కాగితంతో పూర్తిగా మూసెయ్యండి. నమూనా కన్నా అన్ని వైపులా మూడు మిల్లీమీటర్లు తగ్గించి కోయాలి, కాగితం చుట్టాక మందం పెరుగుతుంది, తర్వాత వేలు దూర్చి లేపడానికి కూడా సందు కావాలి.

జిగురు

నేను మైదా జిగురే కాస్తాను. చవక, వాసన ఉండదు, తప్పు జరిగినా తడిపి తీసెయ్యొచ్చు. ఒక కప్పు మైదాని ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలపండి. వేరే గిన్నెలో నాలుగు కప్పుల నీళ్లు మరిగించి, మంట తగ్గించి, కలిపిన మైదాని సన్నటి ధారలా పోస్తూ ఆపకుండా తిప్పండి. మొదట పాలలా తెల్లగా ఉంటుంది, రెండు మూడు నిమిషాలకి చిక్కబడి, గంజిలా కాస్త పారదర్శకంగా మారుతుంది, గరిటె ఎత్తితే తెగకుండా జారుతుంది. అక్కడ దించెయ్యాలి. పూర్తిగా చల్లారాక పాత బట్టలో వడకట్టండి, ఈ ఒక్క మెట్టూ బద్ధకించారంటే ఉండలన్నీ కాగితం కింద పొక్కుల్లా కనబడతాయి.

బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా దీంట్లో మైలుతుత్తం కలుపుతారు. అది విషం. వంటింటి అరలకి, పిల్లలున్న ఇంట్లో నేను దాని జోలికి పోను. వంటింటి వరకూ మైదా మానేసి, ఫెవికాల్ లాంటి తెల్ల జిగురుని కొంచెం నీళ్లతో పల్చన చేసుకుని వాడండి, పురుగులకి అందులో తినడానికి పిండి ఉండదు.

అంటించడం

ఇక్కడ తొందరపడకండి, పని చెడేదంతా ఇక్కడే. కాగితం తడవగానే సాగుతుంది, అది కూడా ఒక వైపుకే ఎక్కువ సాగుతుంది. ఏ వైపో తెలియాలంటే ఒక ముక్క చింపి చూడండి, తిన్నగా చిరిగే దిక్కుకి అడ్డంగా సాగుతుంది. జిగురు రాసిన వెంటనే అట్ట మీద వేస్తే అక్కడ సాగి ముడతలు పడుతుంది. అందుకని వెనక వైపంతా జిగురు రాశాక, జిగురు వైపులు రెండూ ఒకదానికొకటి తగిలేలా మెల్లగా మడిచి (గీత పడేలా నొక్కకూడదు), ఐదు నిమిషాలు పక్కన పెట్టండి. సాగాల్సినంత అక్కడే సాగిపోతుంది. తర్వాత విప్పి, అట్ట మీద మధ్యలో ముందు ఆనించి, పొడి బట్టతో మధ్య నుంచి అంచులకి తుడుస్తూ గాలి బయటికి తోసెయ్యండి. మొదటిసారి నేను అంచు నుంచి మొదలుపెట్టాను, గాలంతా అవతలి మూలకి చేరి పెద్ద బుడగై కూర్చుంది, సూదితో గుచ్చాల్సొచ్చింది.

మూలల దగ్గర కాగితాన్ని ఏటవాలుగా కోయండి, కానీ అట్ట మూలకి ఆనించి కోయకుండా అట్ట మందానికి ఒకటిన్నర రెట్లు, అంటే రెండు మిల్లీమీటర్ల అట్టకి మూడు మిల్లీమీటర్లు వదిలి కోయండి, అప్పుడే మూల కనబడకుండా మూసుకుంటుంది. ముందు పొడవు వైపులు మడవండి, మూలలో మిగిలిన చిన్న చెవిని గోటితో లోపలికి నొక్కండి, తర్వాత పొట్టి వైపులు.

ఇప్పుడు చాలామంది చేయని పని. అట్ట వెనక కూడా ఏదో ఒక తెల్ల కాగితం అంటించాలి. ఎందుకంటే పైన అంటించిన కాగితం ఆరుతూ దగ్గరికి ముడుచుకుంటుంది, అట్టని కూడా తనతో లాగుతుంది, మర్నాటికి అట్ట అప్పడంలా లేచిపోతుంది. వెనక కూడా ఒక కాగితం ఉంటే రెండు వైపులా సమంగా లాగి అట్ట తిన్నగా ఉంటుంది.

తర్వాత కింద పైన పాత పేపర్లు వేసి, నేల మీద పెట్టి బరువు పెట్టండి. మా ఇంట్లో చెక్క పీట, దాని మీద బియ్యం డబ్బా. పేపర్లు తేమ పీల్చుకుంటాయి కాబట్టి ఆరేడు గంటలకోసారి పొడివి మార్చాలి. జనవరిలో ఒక రోజులో ఆరిపోతుంది, వానాకాలంలో రెండు రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు. అసలు ఈ పనికి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం, ఎలాగూ సంక్రాంతికి బూజులు దులిపి సామానంతా బయటపెడతాం కాబట్టి రెండూ కలిసొస్తాయి. అక్టోబరు, నవంబరు తుపాన్ల రోజుల్లో మాత్రం మొదలుపెట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు కిటికీ సందుల్లోంచి వచ్చిన నీళ్లకి అలమరల్లో పరిచిన కాగితం గుజ్జయిపోయి, దాన్ని గరిటెతో గీకి తీయాల్సొచ్చింది.

అరలో పెట్టే ముందు

అర ఖాళీ చేసి, తుడిచి, ఒక పూట ఫ్యాను గాలికి ఆరనివ్వండి. స్టీలు అరలో తుప్పు ఉంటే ఎమరీ పేపరుతో రుద్ది, తుప్పు పట్టకుండా వేసే రెడాక్సైడ్ రంగు ఒక పూత వేసి, వాసన పోయాకే అట్ట పెట్టండి. బీరువా వెనక పలకకి, తలుపు లోపలికి అయితే అట్ట కూడా అక్కర్లేదు, కాగితం కొలతకి కోసి నాలుగు మూలలా ఫ్రిజ్ మ్యాగ్నెట్లు పెడితే చాలు. జిగురు లేదు, వెనక గాలి ఆడుతుంది, విసుగొస్తే పదినిమిషాల్లో మార్చెయ్యొచ్చు. నాకు ఈ పని మొత్తంలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

వంటింట్లో కడప బండ అరలకి అట్ట మీద, పిల్లల పుస్తకాలకి వేసే పారదర్శకమైన షీటు కూడా తొడగండి, నూనె సీసా అడుగు మరక తుడిస్తే పోతుంది. మూతలున్న డబ్బాలు, సీసాలు మాత్రమే దాని మీద పెట్టాలి. గారెల నూనె పీల్చడానికి, అప్పడాలు ఆరబెట్టడానికి ఏ అచ్చు కాగితమూ వాడకండి. న్యూస్‌పేపరులో తినే వస్తువులు నిల్వ చేయడం, చుట్టడం కూడదని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది, రంగు కాగితాల సిరా కూడా తిండికి తగలాల్సింది కాదు.

ఇక ఇందాక దాచమన్న పట్టీలు. చవితి పందిరికి రంగు కాగితాల తోరణాలు కత్తిరించడం గుర్తుందా? పట్టీని నాలుగు మడతలు పెట్టి ఒక అంచుని అరచందమామలా కత్తిరించి విప్పితే వరసగా అలలు వస్తాయి. దాన్ని అర ముందు అంచుకి అట్ట కింద నుంచి వేలాడేలా అతికించండి. తలుపు తీయగానే ముందు కనబడేది అదే. మా చిన్న సొరుగుకి పాత ఇనుప పిడి తీసేసి ఏటికొప్పాక లక్క పిడి బిగించాను, ఎరుపు మీద పసుపు గీతలు, దాని లోపల పసుపు కాగితం. పట్టుకోగానే చేతికి నున్నగా తగులుతుంది.

పురుగుల సంగతి. పాత పుస్తకాల్లోంచి పరిగెత్తే వెండిరంగు సిల్వర్‌ఫిష్‌కి పిండి జిగురంటే ఇష్టం, దానికి తేమ కూడా కావాలి. ఎండ కాసిన రోజు అలమర తలుపులు ఒక గంట బార్లా తెరిచిపెట్టడమే నేను చేసే మొదటి పని, ఎండిన వేపాకు చిన్న మూటగట్టి మూలల్లో పెడతాను. పసిపిల్లల బట్టల్లో మాత్రం కలరా ఉండలు వద్దు. రక్తకణాలని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలకి ఆ వాసన పీల్చినా రక్తకణాలు చిట్లి ప్రమాదం అవుతుంది, ఆ లోపం ఉందో లేదో చాలామందికి ముందు తెలియదు.

అట్ట వెనక పెన్సిలుతో తేదీ రాయండి. నెలకోసారి ఏదో ఒక అట్ట లేపి కింద చూడండి, తడిగా అనిపిస్తే తీసి ఫ్యాను కింద ఆరబెట్టి మళ్లీ పెట్టండి.

మొదటిసారి చేసేవాళ్లు బీరువాతో మొదలుపెట్టకండి, స్పూన్ల సొరుగుతో మొదలుపెట్టండి, ఒక్క చార్టు షీటు, ఒక్క సాయంత్రం. మా అమ్మ మొన్న వచ్చి ఆ సొరుగు తెరిచి మూసి, మళ్లీ తెరిచి చూసింది. తాళాలు పెట్టుకునే తన సొరుగుకి కూడా నిమ్మపండు రంగే కావాలంది. కొలత ఫోనులో చెప్పింది, నమూనా కాగితం కోసి పంపమ్మా, టేపు కొలత నమ్మను అన్నాను. నిన్న తమ్ముడి చేత పంపింది, మడిచి, మీద "ముందు వైపు" అని రాసి. ఆదివారం జిగురు కాస్తాను.